గ్రీనిచ్ చిత్రశాలలో ఏకవర్ణ కుడ్యచిత్రాలు: ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం:
ఒకే రంగు ఛాయలతో వెలుగునీడలను పలికించి, చదునైన గోడపై శిల్పమున్న భ్రాంతిని కల్పించే చిత్రణను ఐరోపా కళాచరిత్రలో ‘గ్రిసాయ్’ అంటారు. ఫ్రెంచి భాషలో ‘గ్రి’ అంటే బూడిదరంగు. రాజసం ఉట్టిపడే శాలల్లో దీన్ని వర్ణచిత్రానికి పక్కవాద్యంగా భావించడం పరిపాటి. లండన్ నగరంలోని గ్రీనిచ్ చిత్రశాల ఆధారంగా ఈ భావనను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

చిత్రశాల - ప్రతిఫలం:
వృద్ధ, వికలాంగ నావికుల ఆశ్రమానికి భోజనశాలగా క్రిస్టఫర్ రెన్ రూపొందించిన ఈ శాలను జేమ్స్ థార్న్‌హిల్ 1707 నుంచి 1726 వరకు చిత్రించాడు. ఆయనకు పైకప్పుకు చదరపు గజానికి 3 పౌండ్లు, గోడలకు 1 పౌండు చొప్పున చెల్లించారు. గోడల పని విలువ మూడోవంతే అన్నమాట. అయితే శాల రాజకీయార్థంలో కీలకమైన భాగాన్ని మోస్తున్నవి ఆ గోడలే.

రాయిగా మారిన చరిత్ర:
ఎగువ శాలలో రెండు ఏకవర్ణ చిత్రాలు ఎదురెదురుగా ఉన్నాయి. ఒకటి 1688లో మూడవ విలియం టోర్‌బేలో దిగడం; మరొకటి 1714లో మొదటి జార్జి గ్రీనిచ్‌లో దిగడం. ఇద్దరూ సముద్రం దాటి వచ్చి సింహాసనమెక్కినవారే. ఇద్దరి హక్కూ వివాదాస్పదమే. జార్జి రాకను ఉన్నదున్నట్లు చిత్రిస్తే ఎదురయ్యే ఇబ్బందులను థార్న్‌హిల్ స్వయంగా రాసుకున్నాడు: అది రాత్రివేళ, రాజు దుస్తులు శోభాయమానంగా లేవు, స్వాగతం పలికిన ప్రభువుల్లో కొందరు తరువాత రాజానుగ్రహం కోల్పోయారు. వర్ణచిత్రం ఈ వివరాలన్నింటికీ జవాబు చెప్పుకోవాలి. శిలాఫలకాన్ని అనుకరించే చిత్రానికి ఆ బాధ్యత లేదు. రాతిలో రాత్రి లేదు, వస్త్రానికి రంగు లేదు. నిన్నమొన్నటి వివాదాస్పద ఘటన ప్రాచీన విజయఫలకంలా స్థిరపడుతుంది. కనుక ఇక్కడ రంగును వదులుకోవడం పొదుపు మాత్రమే కాదు, ఒక వాదన.

పరిమితి:
ఈ నేర్పును మెచ్చుకుంటూనే దాని మూల్యాన్నీ గుర్తించాలి. రాయి గాంభీర్యాన్ని అరువు తెచ్చుకున్న చిత్రం ప్రశ్నకు తావివ్వదు. సందేహాలను తుడిచివేసి నిశ్చయాన్నే చూపుతుంది. పూర్తయ్యాక ఈ శాల భోజనానికి మరీ వైభవోపేతమని భావించి, నావికులకు దాని కింది అంతస్తులో వడ్డించారు. ఎవరి కోసం కట్టారో వారినే దూరం చేసిన ఆ వైభవంలో ఈ గోడలకూ వాటా ఉంది.

ముగింపు:
గ్రిసాయ్‌ను కేవలం అలంకారంగా చూస్తే థార్న్‌హిల్ నైపుణ్యం కనిపిస్తుంది గాని, ఆయన చేసిన ఎంపిక కనిపించదు. ఏకవర్ణ చిత్రాన్ని అంచనా వేసేటప్పుడు అది శిల్పాన్ని ఎంత చక్కగా అనుకరించిందన్న ప్రశ్నతో ఆగక, ఆ అనుకరణ దేనిని చూపి దేనిని దాచిందో కూడా విచారించడం అవసరం.