వైస్ చాన్సలర్ పనితనం

వైస్ చాన్సలర్ ఉద్యోగంలో నేర్పంతా వేర్వేరు పనులను ఒక్కచోట కూర్చడంలో ఉంది. హైదరాబాద్ కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయాన్ని చూస్తే ఇది తెలుస్తుంది. 1924లో మొదలైన కళాశాల 2022లో విశ్వవిద్యాలయమై, 2024 నుంచి వీరనారి చాకలి ఐలమ్మ పేరుతో నడుస్తోంది. మూసీ అవతలి పాతబస్తీకి ఇది కూతవేటు దూరం. యాకుత్‌పురా, శాలిబండ వైపు నుంచి బస్సెక్కి వచ్చే అమ్మాయికి పరీక్ష తేదీ, స్కాలర్‌షిప్, సాయంత్రం ఇల్లు చేరే వేళ అన్నీ చదువులో భాగమే. మంచి వైస్ చాన్సలర్ వీటన్నిటినీ కలిపే చూస్తారు. పొద్దున ఆవరణంతా ఓ చుట్టు తిరిగి మంచినీటి కుళాయినీ, మరుగుదొడ్డి తలుపు గడియనూ పరిశీలిస్తారు. పాలకమండలిలో ఖాళీ పోస్టుల సంగతి ఎత్తుతారు. నిధుల కోసం సచివాలయం చుట్టూ పట్టువదలక తిరుగుతారు. కూతురి పీజీ చదువుకు తటపటాయించే తండ్రికి కుర్చీ వేసి, ఉర్దూలోనో తెలుగులోనో భరోసా ఇస్తారు. ఆవరణలోని పాత బ్రిటిష్ రెసిడెన్సీ భవనం బాగోగులు పాఠాలకు అడ్డురాకుండా చూస్తారు. పదవీకాలం మూడేళ్లే అయినా, వేళకు వెలువడే ఫలితాలు, నిండిన తరగతులు, ఇంటికి తొలి పట్టా తెచ్చే ఆడపిల్లలు ఈ నేర్పు వల్ల ఊరికి దక్కుతారు.