సూర్యమిత్రుని చదువు

భారత ప్రభుత్వము 2015లో ‘సూర్యమిత్ర’ అను శిక్షణ పథకమును ప్రారంభించినది. గురుగ్రామ్‌లోని జాతీయ సౌరశక్తి సంస్థ దీనిని నడపినది. పదవ తరగతితోబాటు ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ వంటి కోర్సు చదివినవారికి 90 దినములలో 600 గంటల బోధన. 2020 మార్చి నాటికి 50,000 మందిని తయారుచేయవలెనన్నది లక్ష్యము. ఉద్దేశము మెచ్చదగినదే. కాని ఆ లక్ష్యము తలల లెక్క. ఎవరి చేతికి ఎంత పని వచ్చినదో ఆ అంకె చెప్పదు.

ఎలక్ట్రీషియన్‌కు సౌరఫలకము తెలిసిన వస్తువువలెనే కనిపించును. చిక్కంతా అక్కడనే ఉన్నది. అతడు సాధారణముగా మసలునది ఇంటి ఏకాంతర విద్యుత్తుతో. మన దేశమున అది సెకనుకు 100 సార్లు శూన్యమును తాకును. కనుక తీగెల మధ్య మెరుపు లేచినను సులభముగా ఆరిపోవును. ఫలకమునుండి వచ్చునది ఏకముఖ విద్యుత్తు. అది శూన్యమును తాకదు, మెరుపు నిలిచి మండును. ఒక్కొక్కటి 40 వోల్టుల ఫలకములు 20 శ్రేణిలో కలిపినచో 800 వోల్టులు. స్విచ్చి తీసినను ఎండ ఉన్నంతవరకు ఫలకముల వైపు ఆ వోల్టేజి పోదు. పాత అలవాటుతో చేయి పెట్టినవానికి ప్రాణముమీదికి వచ్చును. ఈ ఒక్క భేదమును తీగెలు, పనిముట్లు చేతికిచ్చి నేర్పుటకు ఎన్ని గంటలైనను ఎక్కువ కావు.

రెండవది లెక్క చదువుట. ఫలకము వేడెక్కినకొలది, 25 డిగ్రీలకు పైన డిగ్రీకి సుమారు 0.4 శాతము చొప్పున, దాని శక్తి తగ్గును. కర్నూలు ఎండలో ఫలకము 65 డిగ్రీలకు చేరినచో 16 శాతము లోటు సహజమే. ఇన్వర్టరు పంపు అంకెలు నేడు ఫోనులోనే కనబడుచున్నవి. వానిలో వేడివలని లోటేది, దుమ్మువలని లోటేది, చెడిన ఫలకమేది అని విడదీయలేనివాడు బిగించగలడే గాని బాగుచేయలేడు. బిగింపు రెండు దినముల పని. ఫలకము 25 సంవత్సరములు నిలుచును. ఉద్యోగము ఎందులో ఉన్నదో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంకొకటి కలదు. 2022 ఎలక్ట్రానిక్ వ్యర్థముల నిబంధనలు, 2023 ఏప్రిల్ 1 నుండి అమలై, సౌరఫలకములను తమ పరిధిలోనికి తెచ్చినవి. పగిలిన ఫలకమును ఎట్లు దించవలెనో, ఎవరికి అప్పగించవలెనో తెలిసిన పనివాడు లేనిచో అది పాత సామానుల దుకాణమునకే పోవును.

శ్రేణి సంధానము, ఓమ్ నియమము పదవ తరగతి పాఠములే. ఒక చిన్న ఫలకము, ఒక మల్టీమీటరు ఉన్న పాఠశాలలో మధ్యాహ్నపు రీడింగును ఉదయపు రీడింగుతో పోల్చి చూపవచ్చును. వోల్టేజి ఏ వేళ తగ్గినదో, ఎందుకు తగ్గినదో విద్యార్థులే చెప్పగలరు.