నిర్వచనం, నియమం, సూత్రం: ఓమ్ పాఠంలో కలిసిపోయిన మూడు మాటలు

తెలుగు భౌతికశాస్త్ర బోధనలో నిరోధాన్ని గురించిన పాఠం చుట్టూ మూడు పారిభాషిక పదాలు ఉన్నాయి. నిర్వచనం ఒక రాశికి అర్థాన్ని నిర్ణయిస్తుంది. నియమం ప్రకృతిలో కనిపించిన ఒక క్రమాన్ని తెలుపుతుంది. సూత్రం గణనకు సాధనం. తరగతి గదిలో ఈ మూడూ ‘సూత్రం’ అన్న ఒకే మాటలో కలిసిపోతున్నాయి. వోల్టేజిని కరెంటుతో భాగించగా వచ్చేది నిరోధమనీ, అదే ఓమ్ నియమమనీ విద్యార్థి గ్రహిస్తున్నాడు. మొదటి మాట సరైనది, రెండవది కాదు.

ఆ భాగహారం నిరోధానికి నిర్వచనం మాత్రమే. అది ఏ పరికరానికైనా, ఏ క్షణంలోనైనా ఒక సంఖ్యను ఇస్తుంది. ఉష్ణోగ్రత మారనంతవరకు లోహపు తీగలో ఆ నిష్పత్తి వోల్టేజితో పాటు మారదన్నది నియమం. ఇది ప్రయోగం వల్ల తెలిసిన విషయం. 1826లో ఓమ్ తన ప్రయోగాలకు ఘటాలను విడిచి, బిస్మత్, రాగి కలిపిన ఉష్ణయుగ్మాన్ని ఎంచుకోవడానికి కారణం ఘటాల అస్థిరతే. ఒక కొనను మరిగే నీటిలో, మరొక కొనను మంచులో ఉంచి ఆయన స్థిరమైన విద్యుత్తును సాధించాడు. ఇంత శ్రమతో నెలకొన్న క్రమాన్ని భాగహారంగా కుదించినప్పుడు ‘ఉష్ణోగ్రత స్థిరంగా ఉన్నప్పుడు’ అన్న షరతు కంఠస్థం చేసే వాక్యంలోనే మిగిలి, లెక్కల్లో కనిపించకుండా పోతుంది.

పరీక్షల్లో తరచుగా కనిపించే ఒక లెక్క దీనికి నిదర్శనం. 230 వోల్టుల, 60 వాట్ల ఫిలమెంటు బల్బుకు 115 వోల్టులు ఇస్తే వినియోగమయ్యే సామర్థ్యం ఎంత? పూర్తి వోల్టేజి వద్ద కరెంటు సుమారు 0.26 ఆంపియర్లు, నిరోధం సుమారు 882 ఓములు. అదే నిరోధాన్ని నిలిపి లెక్కిస్తే 15 వాట్లు వస్తాయి. జవాబు పట్టికలోనూ అదే ఉంటుంది. కాని సగం వోల్టేజి వద్ద టంగ్‌స్టన్ తీగ అంతగా వేడెక్కదు, దాని నిరోధం తగ్గుతుంది, వినియోగం 15 వాట్లను మించుతుంది. ఆర్పి చల్లారిన బల్బును మల్టీమీటరుతో కొలిస్తే 882లో పదో వంతు కూడా కనిపించదు. ‘నిరోధం మారదనుకొనుము’ అన్న ఒక్క మాట ప్రశ్నలో ఉంటే ఆక్షేపణకు తావుండదు. చాలా ప్రశ్నల్లో ఆ మాట ఉండదు.

పదజాలం కూడా ఈ పొరపాటుకు తోడ్పడుతోంది. ‘సామర్థ్యం’ లోకవ్యవహారంలో ఒకరికి సహజంగా ఉండే గుణం. అందువల్ల బల్బుపై ముద్రించిన 60 వాట్లు దాని జన్మలక్షణంగా తోస్తుంది; నిజానికది 230 వోల్టుల వద్ద సెకనుకు వినియోగమయ్యే 60 జౌళ్ళు. ‘కరెంటు’ సంగతి మరీ విచిత్రం: ఇంటికి వచ్చే ‘కరెంటు బిల్లు’ కరెంటును కాదు, కిలోవాట్ అవర్లలో శక్తిని లెక్కిస్తుంది.

ఎలక్ట్రీషియన్ల కరదీపికల్లో ప్రసిద్ధమైన పన్నెండు సూత్రాల చక్రం ఓమ్ పేరుతోనే చలామణి అవుతుంది. అందులోని సామర్థ్య సూత్రాలు ఓమ్‌వి కావు. కరెంటు వర్గానికి, తీగ నిరోధానికి అనుపాతంలో ఉష్ణం పుడుతుందని 1841లో ప్రకటించినవాడు జౌల్. వోల్టేజి, కరెంటుల లబ్ధం సామర్థ్యమన్నది ఓమ్ నియమాన్ని పాటించని డయోడుకు సైతం ఆయా క్షణంలో వర్తిస్తుంది. ఏకాంతర విద్యుత్తుతో తిరిగే ఫ్యానుకు సగటు సామర్థ్యం కావాలంటే ఆ లబ్ధాన్ని పవర్ ఫ్యాక్టరుతో గుణించాలి.

ఒకే బల్బుకు నాలుగైదు వోల్టేజిల వద్ద కరెంటు విలువలిచ్చి, ప్రతిచోటా నిరోధం కట్టించి, ‘ఈ బల్బు ఓమ్ నియమాన్ని పాటిస్తున్నదా?’ అని అడిగే ప్రశ్నకు కొత్త గణితమేదీ అవసరం లేదు. భాగహారం అదే.