దానియేలుకు రెండు పేర్లు

మన పల్లెల్లో దానియేలు ప్రసంగం వినని వాళ్ళుండరు. సువార్త కూటాలు ఎక్కడ పెట్టినా మూడు రాత్రుల్లో ఒక రాత్రి దానియేలుది. రాజు ఆజ్ఞ వచ్చింది, దానియేలు జడవలేదు, ప్రార్థన మానలేదు, దేవుడు సింహాల నోళ్ళు మూయించాడు. కథ అయిపోయాక పాస్టరుగారి వేలు జనం వైపు తిరుగుతుంది. "మరి నీ సంగతేంటి? ఆదివారం క్రైస్తవుడివి, సోమవారం తహసీల్దారు ఆఫీసులో హిందువువి. నీది విశ్వాసమేనా?" అప్పటిదాకా హల్లెలూయ అన్న జనం తలలు దించుకుంటారు.

ఆ తల దించుకోవటం గురించే ఈ నాలుగు మాటలు. భయం ముందు, హింస ముందు దేవునికి నమ్మకంగా నిలబడటమంటే ఏమిటి? ఆ నమ్మకాన్ని కొలిచే తూకం ఎవరి చేతిలో ఉంది? దళిత క్రైస్తవుల ముందున్న అసలు ప్రశ్న ఇది. మన సంఘాలు దానియేలు గ్రంథాన్ని చదివే పద్ధతి ఈ ప్రశ్నని పక్కన పెట్టి, బాధితుణ్ణే ముద్దాయిని చేసింది.

గ్రంథాన్ని మొదటి అధ్యాయం నుంచి చదవాలి. దానియేలు చెరపట్టబడి బబులోనుకు వచ్చిన వాడు. రాజుగారి అధికారి అతనికీ, అతని ముగ్గురు స్నేహితులకూ పాత పేర్లు తీసేసి కొత్త పేర్లు రాశాడు. దానియేలు బెల్తెషాజరు అయ్యాడు. ఆ పేరు తన దేవుడి పేరు మీద పెట్టిందని రాజే తర్వాత చెప్పుకుంటాడు. అంటే కొలువు రికార్డుల్లో దానియేలు అన్యదేవుడి పేరుతోనే ఉన్నాడు. దానిమీద అతను తిరగబడినట్టు గ్రంథంలో లేదు. తిరగబడింది రాజు పెట్టే భోజనం దగ్గర. పేరు దగ్గర ఊరుకున్నాడు, కూడు దగ్గర ఆగాడు. ఇక అతని స్నేహితులు హనన్యా, మిషాయేలు, అజర్యాల్ని మనం ఏమని పిలుస్తున్నాం? షద్రకు, మేషాకు, అబేద్నెగో అని. అగ్నిగుండంలోకి నడిచిన ఆ ముగ్గురినీ ఇవాళ్టికీ సామ్రాజ్యం రాసిన పేర్లతోనే పిలుస్తున్నాం. అవి వాళ్ళ విశ్వాసానికి మచ్చ అని ఏ పాస్టరూ అనడు. మరి మన పిల్లవాడి కాగితంలో ఉన్న 'హిందూ' అనే మాట మాత్రం మచ్చ ఎట్లా అయింది?

విశ్వాసం కాగితంలో లేకపోతే మరెక్కడుంది? దీనికి జవాబు మన చరిత్రలోనే ఉంది. 1866లో జాన్ క్లౌ దొర ఒంగోలు చేరాడు. ఆయన వెంట మొదట నిలబడింది మాదిగ యెర్రగుంట్ల పేరయ్య. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మన సంఘాలు ఈ అంకెని పండగ చేసి చెప్తాయి. కానీ ఆ నీళ్ళలోకి దిగిన వాళ్ళు ఏం వదులుకోవటానికి ఒప్పుకున్నారో చెప్పవు. విగ్రహాలకు మొక్కటంతో పాటు చచ్చిన గొడ్డు మాంసం మానాలి, ఆదివారం పని మానాలి. జాతరలో డప్పు కొట్టటం కూడా మానేశారు. క్లౌ ఆత్మకథ 'సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్' (1914), ఆయన భార్య ఎమ్మా రాసిన 'వైల్ సోయింగ్ శాండల్స్' (1899) చదివితే ఈ సంగతి తెలుస్తుంది. కరణాలకీ మునసబులకీ కోపం వచ్చింది ఏసు పేరు విని కాదు. వారంలో ఒకరోజు వెట్టి ఆగిపోయిందని. పిలిస్తే డప్పు రాలేదని. అందుకే కొట్టారు, పని ఆపేశారు, తప్పుడు కేసులు బనాయించారు.

మిషనరీ రచనలు దీన్ని మతం కోసం పడిన శ్రమగా రాశాయి. అది సగం నిజం. మాదిగలు పడింది కూడు కోసం, పని కోసం, ఒంటిమీద హక్కు కోసం పడిన శ్రమ కూడా. వాళ్ళకి దేవునికి నమ్మకంగా ఉండటమూ, దొరకి లొంగకుండా ఉండటమూ ఒకటే పని. దానియేలు రాజు కూడు కాదన్నట్టే వీళ్ళు ఊరి చచ్చిన గొడ్డుని కాదన్నారు. ఇంతకంటే దానియేలుకి దగ్గరి చుట్టాలు ఎవరుంటారు?

ఇక సింహాల గుహ. ఆరో అధ్యాయం ప్రార్థనతో మొదలవదు, ఉద్యోగాల పోటీతో మొదలవుతుంది. దానియేలుకి పెద్ద పదవి ఇవ్వాలని రాజు అనుకున్నాడు. తోటి అధికారులకి కళ్ళమంట పుట్టింది. పనిలో తప్పు దొరకలేదు. దాంతో అతని దేవుణ్ణి అడ్డం పెట్టుకుని చట్టం చేయించారు. ముప్పై రోజుల చట్టం.

మన మీద ఉన్న చట్టం వయసెంత? 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. దాని మూడో పేరా ప్రకారం హిందూమతం కాక వేరే మతంలో ఉన్నవాడు షెడ్యూల్డు కులం వాడు కాడు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు. మాదీయుల, పారసీకుల శాసనం మారదంటారు. ఇది మాత్రం రెండుసార్లు మారింది, మన దాకా వచ్చేసరికి ఆగిపోయింది. క్రైస్తవుడినని రాయించుకున్న మాలకీ మాదిగకీ మన దగ్గర మిగిలేది బీసీ–సి కింద 1 శాతం. ఒక రెడ్డి కతోలికుడు తన మతాన్ని కాగితం మీద రాయించుకుంటే పోయేది ఏమీ లేదు. అదే మాట రాయించుకుంటే పల్లెలో పిల్లవాడి చదువు పోతుంది, ఉద్యోగం పోతుంది. ఒకే దేవుడు, ఒకే బాప్తిస్మం, కానీ నమ్మకానికి కట్టే వెల మాత్రం కులాన్ని బట్టి.

పోయేది ఉద్యోగం ఒక్కటే కాదు. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక తీర్పిచ్చింది. క్రైస్తవంలోకి మారిన రోజే ఎస్సీ హోదా పోతుందని, చేతిలో సర్టిఫికెట్ ఉన్నా అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని చెప్పి కేసు కొట్టేసింది. కులం పేరుతో తిట్టి కొట్టారని ఆ ఫిర్యాదు చేసింది ఎవరో కాదు, ఒక పాస్టరు. తిట్టేవాడికి అతని కులం గుర్తుంది. చట్టానికి అతని మతమే గుర్తుంది. వేదిక మీద నుంచి వేలు చూపించే పాస్టరుగారు తాను కూడా ఆ గుహలోనే నిలబడి ఉన్నానని ఎప్పుడు తెలుసుకుంటారు?

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయమైనదే. దానియేలుకి రెండు పేర్లున్నా, ఆజ్ఞ వచ్చాక అతను కిటికీ మూసుకోలేదు. యెరూషలేము వైపు కిటికీలు తెరిచే మోకాళ్ళూనాడు. మనం కిటికీ మూసుకున్నాం కదా? నిజమే. మూసిన కిటికీ వెనక బతుకు మనిషిని లోపల్లోపల తినేస్తుంది. ఇంట్లో ఒక పేరు, బడిలో ఒక పేరు ఉన్న పిల్ల మొదట నేర్చుకునేది జంకటం. దీన్ని తెలివైన ఎత్తుగడ అని మనం మురిసిపోనక్కర్లేదు. కానీ బైబిల్లో దానియేలు ఒక్కడే లేడు. సిరియా సేనాపతి నయమాను కూడా ఉన్నాడు. రాజుతో పాటు రిమ్మోను గుళ్ళో వంగక తప్పదు, దానికి నన్ను క్షమించాలి అని అతను ఎలీషాని అడిగాడు. ఎలీషా అతన్ని తిట్టలేదు, సమాధానంతో పొమ్మన్నాడు. సేనాపతికి దొరికిన ఆ సమాధానం పల్లెలో కూలికి ఎందుకు దొరకదు?

అగ్నిగుండం ముందు ఆ ముగ్గురూ అన్న మాటని కూడా మన ప్రసంగాలు తొందరగా దాటేస్తాయి. దేవుడు రక్షించినా, రక్షించకపోయినా మొక్కేది లేదన్నారు వాళ్ళు. అద్భుతం జరుగుతుందన్న ధీమాతో నిలబడలేదు. చుండూరులో 1991 ఆగస్టు 6న మనవాళ్ళని తరిమి నరికినప్పుడు ఏ సింహం నోరూ మూతపడలేదు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే 2014లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. అయినా చుండూరు జనం ప్రార్థన మానలేదు, పోరాటమూ మానలేదు. రక్షించకపోయినా నిలబడటమంటే అది.

కాబట్టి సంఘాలకి చెప్పేది ఇదే. దానియేలు ప్రసంగం ఆపొద్దు, పూర్తిగా చేయండి. ఆ చట్టం ఎవరు చేయించారో, ఎవరి పదవుల కోసం చేయించారో కూడా చెప్పండి. గుహలో పడ్డవాణ్ణి పట్టుకుని నీ విశ్వాసం ఎంత అని అడిగే ముందు, గుహ మీద రాయి పెట్టి ముద్ర వేసిన వాణ్ణి అడగండి. మూడో పేరా పోవాలని ఆదివారం ఆరాధనలోనే, కిటికీలన్నీ తెరిచి, అందరూ కలిసి అడగండి. కిటికీ తెరవటం ఒక్కడి వల్ల కాకపోవచ్చు. పల్లె మొత్తం ఒకేసారి తెరిస్తే ఎన్ని సర్టిఫికెట్లు రద్దు చేస్తారు?