ముప్ఫై ఆరో లెవెల్ దగ్గర

పోకెమాన్ ఆడే పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: సగం ఎదిగినదాన్ని టీమ్‌లో ఉంచుకోవచ్చా, తీసెయ్యాలా? ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో ఈ ఆట పిచ్చి ఈనాటిది కాదు. మథురాకాటీ, నింపురా గుంటలం 2003లో కార్టూన్ నెట్‌వర్క్‌లో హిందీ పోకెమాన్ చూసి స్కూలు హోంవర్కు మరిచిపోయినవాళ్లం. ఇంట్లో శ్రీకాకుళం తెలుగు, వీధిలో బెంగాలీ, టీవీలో హిందీ, కంప్యూటర్‌లో ఎమ్యులేటర్ మీద ఆడే ఆటలో ఇంగ్లీషు. అన్ని భాషల్లోనూ మా వాదన ఒక్కదాని మీదే నడిచేది, ఎవరి టీమ్ గట్టిది అని. ఇప్పుడు అక్క కొడుకు అప్పటి పోకెమాన్ ఎమరాల్డ్ ఆటే ఆడుతూ అవే ప్రశ్నలతో నా దగ్గరికి వస్తున్నాడు. వాడికి చెప్పినవే కాస్త వివరంగా ఈ వారం రాస్తున్నాను.

వాడి దగ్గరున్నది వైగొరాత్. పెటల్‌బర్గ్ అడవిలో అరుదుగా దొరికే స్లాకాత్ 18వ లెవెల్లో వైగొరాత్ అవుతుంది, 36వ లెవెల్లో స్లాకింగ్ అవుతుంది. స్లాకాత్ బద్ధకపుది. దానికున్న ట్రువంట్ అనే గుణం వల్ల ఒక టర్న్ కొడితే మరుసటి టర్న్ పడుకుంటుంది. వైగొరాత్‌గా మారగానే ఆ గుణం పోయి వైటల్ స్పిరిట్ వస్తుంది. నిద్రపుచ్చుదామన్నా నిద్రపోదు, ప్రతి టర్నూ పని చేస్తుంది. స్లాకింగ్ అయ్యాక బద్ధకం మళ్లీ తిరిగొస్తుంది. ఎదుగుదలలో మధ్య మెట్టు మాత్రమే చురుగ్గా ఉండే ఇలాంటి వరస పోకెమాన్‌లో నాకు మరొకటి కనిపించలేదు.

అంకెలు చూడండి. స్లాకింగ్ అటాక్ 160, వైగొరాత్ అటాక్ 80. పుస్తకం తెరిచిన పిల్లాడు ఎవడైనా స్లాకింగే కావాలంటాడు. కానీ రెండు టర్న్‌లు కలిపి లెక్కేస్తే స్లాకింగ్ 160తో ఒకసారి కొడుతుంది, వైగొరాత్ 80తో రెండుసార్లు కొడుతుంది. దెబ్బ బరువు దాదాపు సమానం. పైగా స్లాకింగ్ పడుకున్న టర్న్‌లో ఎదుటివాడు పోషన్ వాడుకుంటాడు, పోకెమాన్‌ని మార్చుకుంటాడు. అది కొట్టే టర్న్‌లో ప్రొటెక్ట్ వేసి మన దెబ్బ దండగ చేస్తాడు. మరి స్లాకింగ్ ఎక్కడ పనికొస్తుంది? ఒక్క దెబ్బలో ఎదుటిదాన్ని పడగొట్టగలిగినచోట. ఇంకొకటి ఓర్పు. దాని హెచ్‌పీ 150, డిఫెన్స్ 100. వైగొరాత్‌కి అవి రెండూ 80 చొప్పున. రెండు గట్టి దెబ్బలకే వైగొరాత్ కూలిపోతుంది. అందుకే వాడికి నేను ఇచ్చిన సలహా ఇది: నీ లెవెల్ ఎదుటివాళ్ల కంటే బాగా పైన ఉంటే స్లాకింగ్ అవనివ్వు, ఒక్క దెబ్బకి ఒకటి పడిపోతుంది. సమానంగా ఉన్నా, కింద ఉన్నా బీ బటన్ నొక్కి ఆపెయ్. ఒక దెబ్బతో పని తెమలనప్పుడు ప్రతి టర్నూ చేతిలో ఉండాలి.

ఈ ఆటలో అయిదో జిమ్ లీడర్ నార్మన్, ఆడేవాడికి సొంత తండ్రి. ఆయన దగ్గర 31వ లెవెల్ స్లాకింగ్ ఉంటుంది. మన స్లాకాత్ 36 దాకా ఆ రూపానికి రాదు కాబట్టి ఆ పోటీకి మన దగ్గర వైగొరాతే ఉంటుంది. తండ్రి పూర్తిగా ఎదిగినది తెస్తాడు, కొడుకు సగంలో ఉన్నది తెస్తాడు, అయినా పోటీ చక్కగా సాగుతుంది. ఆట రాసినవాళ్లు కావాలనే ఇలా పెట్టారని నా నమ్మకం.

మా నాన్న ఇక్కడి వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా పనిచేసి రిటైరయ్యాడు. ఏటా కొత్త అప్రెంటిస్‌లు వచ్చేవాళ్లు. వాళ్లలో ఎవడు మంచి ఫిట్టర్ అవుతాడన్న చర్చ ఆయనకి నచ్చేది కాదు. "ఇవాళ వీడి చేతికి ఏ పని ఇవ్వొచ్చో అది చెప్పండ్రా" అనేవాడు. సగం ఎదిగిన పోకెమాన్ దగ్గర నేను చూసేదీ అంతే. రేపు అది ఏమవుతుందో అందరికీ తెలుసు. ఇవాళ ఎదురుగా ఉన్న జిమ్‌లో దానికి ఏ పని అప్పగించగలం?

ఎమరాల్డ్‌లోనే మొదటి జిమ్ తీసుకోండి. రాక్సాన్ దగ్గర అన్నీ రాతి రకాలు: 12వ లెవెల్ జియోడ్యూడ్‌లు రెండు, 15వ లెవెల్ నోస్‌పాస్ ఒకటి. టార్చిక్‌తో మొదలెట్టిన పిల్లలు ఇక్కడే ఏడుస్తారు. నిప్పు మీద రాతి దెబ్బ రెట్టింపు పడుతుంది. ఓపిగ్గా అడవిలో తిరిగి 16వ లెవెల్‌కి తెస్తే టార్చిక్ కంబస్కెన్ అవుతుంది. అప్పుడు మూడు పనులు ఒకేసారి జరుగుతాయి. ఫైటింగ్ రకం తోడవుతుంది. ఫైటింగ్ రకం రాతి దెబ్బని సగానికి తగ్గిస్తుంది కాబట్టి రెట్టింపు కాస్తా మామూలు దెబ్బ అయిపోతుంది. డబుల్ కిక్ వస్తుంది, అది రాతి మీద రెట్టింపు బలంతో రెండుసార్లు తగులుతుంది. 36వ లెవెల్లో వచ్చే బ్లేజికెన్ గురించే అందరూ మాట్లాడతారు గానీ, ఆట మొత్తంలో ఒక ఎవల్యూషన్ ఇంత సరిగ్గా అక్కరకొచ్చేది ఇక్కడే. మడ్‌కిప్‌తో మొదలెట్టినవాళ్లకి ఇలాంటి మేలు మూడో జిమ్‌లో దొరుకుతుంది. మార్ష్‌టంప్‌కి నేల రకం తోడవడంతో వాట్సన్ వేసే కరెంటు దెబ్బలేవీ దానికి అంటవు. కొన్ని చివరి రూపం దాకా ఎదగకపోయినా ఏ దిగులూ ఉండదు అనిపించే ఘట్టాలు ఇవి.

ఇక మా ఊళ్లో మాకు బాగా తెలిసిన బాధ ఒకటుంది. కడాబ్రా, హాంటర్, మచోక్, గ్రావెలర్. ఈ నాలుగూ చివరి రూపానికి రావాలంటే ఇంకో మనిషితో మార్చుకోవాలి. అసలు గేమ్‌బాయ్‌లో దానికి లింక్ కేబుల్ ఉండేది. ఇంట్లో ఒక్క కంప్యూటర్, అందులో ఒక్క ఎమ్యులేటర్ ఉన్నవాడికి మార్పిడి ఎక్కడిది? మా తరంలో చాలామందికి కడాబ్రా చివరి రూపమైన అలకజామ్ అన్నది టీవీలో మాత్రమే కనిపించే ప్రాణి. అందువల్ల ఈ నాలుగింటిని మధ్య రూపంలోనే చివరిదాకా నడపడం మేం బాగా నేర్చుకున్నాం.

ఫైర్‌రెడ్‌లో కడాబ్రా స్పెషల్ అటాక్ 120, వేగం 105. పూర్తిగా ఎదిగినవాటిలో చాలావాటికి ఆ అంకెలు లేవు. డిఫెన్స్ మాత్రం 30. ముందు కొట్టిందా గెలిచింది, దెబ్బ తగిలిందా పోయింది. జాగ్రత్తగా వాడితే లీగ్ దాకా తీసుకెళ్లొచ్చు. హాంటర్ సంగతి వేరు. దాని స్పెషల్ అటాక్ 115 చూసి మోసపోకూడదు. 2006లో డైమండ్, పెర్ల్ వచ్చేదాకా ఒక దెబ్బ ఏ అంకెతో లెక్కపడాలన్నది దాని రకాన్ని బట్టి ఉండేది. దెయ్యం రకమూ, విషం రకమూ మామూలు అటాక్ కింద లెక్కపడేవి. హాంటర్ అటాక్ 50. అంటే సొంత రకాల దెబ్బలు రెండూ బలహీనమే, ఆ 115 ఖాళీగా పడి ఉంటుంది. వేరే రకం మూవ్‌లు నేర్పిస్తేనే దానికి విలువ. వాటిని నేర్పే టీఎమ్‌లు చేతికొచ్చేదాకా హాంటర్‌ని పక్కన పెట్టమనే చెబుతాను. అంకె పెద్దదైతే చాలదు, ఆ అంకెని వాడుకునే మూవ్ కూడా ఉండాలి.

పోకెమాన్ గో మన దేశానికి 2016 డిసెంబరులో జియోతో కలిసి వచ్చింది. 2018లో అందులో మార్పిడి మొదలైంది. ఆ నాలుగింటినీ ఇంకొకరితో మార్చుకుంటే క్యాండీ ఖర్చు లేకుండా ఎదుగుతాయన్న వీలు 2020లో వచ్చింది. మామూలుగా ఇద్దరూ 100 మీటర్ల లోపు ఉండాలి. మా స్టేషన్ ప్లాట్‌ఫారం పొడవు వెయ్యి మీటర్లు దాటుతుంది. ఆ చివర ఒకడు, ఈ చివర ఒకడు నిలబడితే కుదరదు, హౌరా లోకల్ వచ్చేలోగా పరిగెత్తాల్సిందే. చిన్నప్పుడు కేబుల్ లేక కడాబ్రాతోనే సరిపెట్టుకున్నవాళ్లకి అలకజామ్ ఫోన్‌లోకి వచ్చిన ఆ సంతోషం నాకు బాగా తెలుసు.

గోలోనే వైగొరాత్‌కి ఇంకో గౌరవం దక్కింది. గ్రేట్ లీగ్‌లో పోకెమాన్ బలాన్ని చూపే సీపీ అంకె 1500 దాటకూడదు. ఆ కట్టుబాటు కింద పూర్తి రూపాల బలం పెద్దగా పనికిరాదు. కౌంటర్ అనే వేగమైన దెబ్బతో వైగొరాత్ అక్కడ కొన్నేళ్లపాటు మంచి పేరు తెచ్చుకుంది. స్లాకింగ్‌కి గోలో ఇచ్చిన వేగమైన మూవ్ ఆవలింత ఒక్కటే. దానివల్ల ఎదుటిదానికి ఏ దెబ్బా తగలదు. బద్ధకాన్ని ఆ ఆటలో అలా చూపించారు.

మధ్య రూపాలకి నిజమైన రోజులు 2010లో బ్లాక్, వైట్ ఆటలతో వచ్చాయి. ఎవియొలైట్ అనే వస్తువు పట్టుకుంటే, ఇంకా ఎదగాల్సి ఉన్న పోకెమాన్‌కి రెండు డిఫెన్స్‌లూ ఒకటిన్నర రెట్లవుతాయి. చాన్సీ, బ్లిస్సీ లెక్క చూడండి. 100వ లెవెల్లో, విడిగా శిక్షణ పాయింట్లు పెట్టకుండా, పుట్టుకతో వచ్చే అంకెలు నిండుగా ఉన్నాయనుకుంటే చాన్సీ స్పెషల్ డిఫెన్స్ 246. ఎవియొలైట్‌తో అది 369 అవుతుంది. దాని పెద్ద రూపం బ్లిస్సీకి 306 మాత్రమే. మామూలు డిఫెన్స్‌లోనూ చాన్సీకి 69, బ్లిస్సీకి 56. ఒక్క రాయితో చిన్నది పెద్దదాన్ని దాటేసింది. దీనికి వెల కూడా ఉంది. చేతిలో ఒక్క వస్తువే పట్టుకోగలదు కాబట్టి టర్న్ టర్న్‌కీ కాస్త హెచ్‌పీ ఇచ్చే లెఫ్టోవర్స్ వదులుకోవాలి. ఎదుటివాడు నాక్ ఆఫ్ వేసి రాయిని పడేస్తే చాన్సీ మళ్లీ మామూలు చాన్సీయే. ఎవియొలైట్ మీద బతికేదాన్ని టీమ్‌లో పెట్టుకున్నవాడు ఎదుటి టీమ్‌లో నాక్ ఆఫ్ ఎవరి దగ్గరుందో ముందు వెతకాలి.

డస్క్లాప్స్ కథ ఇంకా చిత్రం. 2002లో రూబీ, సఫైర్‌లో వచ్చినప్పుడు అదే చివరి రూపం. 2006లో దాని పైన డస్క్‌నాయిర్ అని ఒకటి చేర్చారు, దాంతో ఇది సగంలో ఉన్నదైపోయింది. అందులో ఏమీ మారలేదు, డిఫెన్స్ 130 అలాగే ఉంది. నాలుగేళ్లకి ఎవియొలైట్ వచ్చేసరికి, ఆ సగం అన్న ముద్రే దానికి బలమైంది. డస్క్‌నాయిర్ డిఫెన్స్ 135, రాయి పట్టిన డస్క్లాప్స్‌ది అంతకంటే ఎంతో పైన. పైగా దాని వేగం 25. నెమ్మదిగా ఉన్నవి ముందు కదిలే ట్రిక్ రూమ్ వేయడానికి అదీ కలిసొచ్చింది. పొరిగాన్ టూ కూడా ఇదే దారిలో జంట పోటీల్లో నిలబడింది.

అన్ని మధ్య రూపాలకీ ఇలా వకాల్తా తీసుకోలేను. షెల్గాన్‌ని చూడండి. ఎమరాల్డ్‌లో బేగాన్ దొరికే గదికి వాటర్‌ఫాల్ లేకుండా చేరలేం, అంటే ఆట చివర్లో దొరుకుతుంది. 30లో షెల్గాన్ అవుతుంది, 50లో సలమెన్స్ అయ్యేదాకా అలాగే ఉంటుంది. డిఫెన్స్ 100 బాగానే ఉంది, వేగం 50, స్పెషల్ డిఫెన్స్ 50, రెక్కలు ఇంకా రాలేదు. ఎలీట్ ఫోర్‌లో మొదటివాడు సిడ్నీ, అతని పోకెమాన్‌లు 46వ లెవెల్ నుంచి మొదలవుతాయి. ఆ గుమ్మం దగ్గర షెల్గాన్‌ని బరిలోకి దింపితే తన వంతు పని చేయలేదు. సలమెన్స్ మీద ఎంత ప్రేమ ఉన్నా, ఆరు చోట్లలో ఒక చోటు ఖాళీగా మోస్తున్నట్టే. దాన్ని ఉంచుకోవాలనుకుంటే ఎక్స్‌పీ షేర్ పట్టించి, విక్టరీ రోడ్‌లో మిగతావాళ్లు పోరాడుతుంటే వెనక నుంచి 50కి తీసుకురండి. లీగ్ తలుపు ఆ తర్వాతే తట్టండి. అంత ఓపిక లేకపోతే ఆ చోట మీ వైగొరాత్‌ని ఉంచండి.