కొడవలికి అలవాటైన చెట్టు

సంక్రాంతి వెళ్లిన మూడో రోజున మా పెరటి మల్బరీకి ఆకు మొత్తం దూసేశాను. కొమ్మల చివర్లు మూరెడేసి కత్తిరించాను. పొద్దున ఎనిమిదింటికి ప్రహరీ మీదుగా వీధిలోకి వాలి ఊగుతున్న చెట్టు పదింటికల్లా వట్టి పుల్లలతో నిలబడింది. ఎదురింటి పెద్దమ్మ గేటు దాకా వచ్చి చూసి, "ఏం పాపా, పచ్చని చెట్టును ఇట్ల చేసినావు? చేతులెట్లొచ్చినాయి నీకు?" అంది. ఆమె బాధ నిజమైనదే. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా కురిసే వానతో నెట్టుకొచ్చే అనంతపురంలో పచ్చగా ఉన్న దేని మీద కత్తి పడినా చూసేవాళ్ల ప్రాణం ఉసూరుమంటుంది.

"రెండు నెలలాగు పెద్దమ్మా" అన్నాను.

మార్చి రెండో వారానికి ఆమె మనవరాలి గౌను ముందు భాగమంతా ఊదారంగు మరకలే.

మల్బరీని ముద్దుగా వదిలేస్తే చాలాసార్లు సరిగ్గా పండదు. నర్సరీ నుంచి తెచ్చి, గుంత తీసి, పేడ ఎరువేసి, నీళ్లు పోసి, రెండేళ్లకు మేడెత్తు పెంచి, "చెట్టు బాగుంది గానీ కాపే లేదండీ" అనేవాళ్లు నాకు తరచూ కనపడతారు. ఎక్కువసార్లు చెట్టులో లోపం ఉండదు. ఎవరూ దాన్ని కోయలేదు, అంతే. మల్బరీలో పిందె కొత్త చిగురుతో పాటే వస్తుంది. కొమ్మ మీది కన్ను విచ్చుకుని లేత రెమ్మ బయటికొచ్చేటప్పుడు దాని మొదట్లో, ఆకు పంగల్లో, పచ్చటి చిన్న గొంగళిపురుగు లాంటి కంకి తొంగిచూస్తుంది. అదే పండు అవుతుంది. కొత్త రెమ్మలు ఎన్ని వస్తే అంత కాపు. కోయని చెట్టు చివర్లలోనే సాగిపోతుంటుంది, కింది కన్నులు నిద్రలోనే ఉంటాయి. చలి దేశాల్లో శీతకాలం వచ్చి ఆకంతా రాల్చేస్తుంది, వసంతంలో కన్నులన్నీ ఒక్కసారి లేస్తాయి. మన దగ్గర అంత చలి ఎక్కడిది? ఆ శీతకాలం పని మన చేతులతో మనమే చేయాలి.

ఈ మాట నాకు పుస్తకాల్లో దొరకలేదు. హిందూపురానికి అవతల, మడకశిర దారిలో, మా నాయన మల్బరీ తోటలో దొరికింది.

నిజానికి మా చిన్నప్పుడు మల్బరీ చెట్టు అనే మాటే మా నోట రాలేదు. మల్బరీ తోట అనేవాళ్లం. మూడడుగులకొక మొక్క, మూడడుగులకొక సాలు, మా భుజాలెత్తు కూడా పెరగనిచ్చేవాళ్లు కాదు. పురుగులు ఆకు తినేసిన ప్రతిసారీ నాయన కొడవలి తీసుకుని నేలకు జానెడు ఎత్తులో కోసుకుంటూ పోయేవాడు. ఏడాదికి నాలుగైదు కోతలు. మర్నాడు తోటను చూస్తే ఏడుపొచ్చేది. పది పన్నెండు రోజులకు మోళ్ల మీద కన్నులు పగిలేవి, నెలన్నరకు మళ్లీ తోట కమ్ముకునేది. అవ్వ అనేది: "కొడవలి పడకపోతే అది గొడ్డుపోతాది పాపా. దానికి అలవాటు." మొదట్లో మాది కణ్వ-2 రకం. చెన్నపట్న దగ్గరి కణ్వ క్షేత్రంలో ఏరిన మొక్క కాబట్టి ఆ పేరు. తర్వాత మైసూరు కేంద్ర పట్టు పరిశోధన సంస్థ 1997లో ఇచ్చిన వీ-1 వచ్చింది. దాని ఆకు అరచేతికి రెండింతలుండేది, దళసరిగా, నిగనిగలాడుతూ.

మా ఇంట్లో 'పండు' అనే మాట కాయకు కాకుండా పురుగుకు వాడేవాళ్లం. నాలుగు జ్వరాలు దాటి, తిండి మానేసి, ఒళ్లు లేత పసుపుగా మెరిసి, తల పైకెత్తి గూడు కట్టే చోటు కోసం వెతికేదాన్ని 'పండిన పురుగు' అంటారు. (జ్వరమంటే పొర విడవడానికి ముందు పురుగు కదలకుండా పడుకునే రోజు.) "పండినయ్, రండి" అని అమ్మ కేకేస్తే ఇంటిల్లిపాదీ వెదురు తట్టల చుట్టూ చేరి ఒక్కొక్కటీ ఏరి చంద్రికల మీద, అంటే గూళ్లు కట్టుకునే వెదురు తడకల మీద, వేసేవాళ్లం. గుడ్డు పగిలిన రోజున చీమ తలంత ఉండే పురుగు పాతిక రోజుల్లో పదివేల రెట్ల బరువు పెరుగుతుంది. జీవితమంతా తినే ఆకులో ఎనభై శాతానికి పైగా ఆఖరి వారంలోనే తింటుంది. ఆ వారం మాకు నిద్ర లేదు. తెల్లారకముందే ఆకు కోత, మళ్లీ సందెవేళ కోత. ఎండలో కోసిన ఆకు వాడిపోతుంది, పురుగు ముట్టదు. కోసిన ఆకును తడి గోనెపట్టాలో చుట్టి తెచ్చేవాళ్లం. అంత ఆకు మధ్య తిరిగిన నేను మల్బరీ పండ్లు కడుపునిండా తిన్నది లేదు. పిందె ఎర్రబడేలోపే కొమ్మ తట్టలోకి వెళ్లిపోయేది. సాలు చివర ఒకటీ అరా నల్లబడి మిగిలితే తమ్ముడూ నేనూ పోట్లాడుకునేవాళ్లం.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక పంట పోయింది. నాలుగో జ్వరం లేచి రెండు రోజులైన పురుగులు. పక్క చేనులో వేరుశనగకు మందు కొట్టారు. గాలి మా తోట వైపు ఉంది. సాయంత్రం కోసుకొచ్చిన ఆకు వేశాం. రాత్రి పదింటికి పురుగులు తలలు విదిలిస్తూ, మెలికలు తిరుగుతూ, నోటి నుంచి పచ్చటి నీళ్లు కక్కసాగాయి. తెల్లారేసరికి తట్టలన్నీ నిశ్శబ్దం. నాయన ఎవరినీ ఒక్క మాటా అనలేదు. తోట వెనక గుంత తీసి, సున్నం చల్లి, అన్నీ పూడ్చాడు. ఆ గూళ్ల మీదే నా బడి ఫీజు ఉంది, ధర్మవరం నుంచి పెళ్లికి తేవాల్సిన అక్క చీర ఉంది. అందుకే నా పెరట్లో ఇన్నేళ్లుగా పురుగుమందు సీసా లేదు. ఇది నా మొండితనమని ఎవరైనా అనుకున్నా సరే.

మందు లేకుండా మల్బరీని కాపాడటం కష్టమేమీ కాదు. నా పెరట్లో దానికి వచ్చే ముఖ్యమైన బాధ ఒక్కటే, తుక్రా. చివరి ఆకులు ముడుచుకుపోయి, ముదురు పచ్చగా గిడసబారి, విప్పి చూస్తే లోపల తెల్లటి పిండినల్లి ఉంటుంది. కనపడగానే ఆ చివరను తుంచి సబ్బునీళ్లలో ముంచేస్తాను. తుంచే ముందు మాత్రం కళ్లజోడు పెట్టుకుని చూస్తాను. పిండినల్లిని తినే ఒక రకం అక్షింతల పురుగుంది. దాని పిల్ల కూడా ఒంటినిండా తెల్లటి మైనపు పోగులతో అచ్చం పిండినల్లి లాగే ఉంటుంది. నల్లికంటే పెద్దదిగా ఉండి, చురుగ్గా నడుస్తుంటే అది మన పక్షం. తెలియక చాలామంది ముందు దాన్నే నలిపేస్తారు.

మిగతా గొంగళిపురుగుల్లో చాలావాటికి ఈ చెట్టే సమాధానం చెప్పుకుంటుంది. ఆకు తుంచితే కారే పాలలో చక్కెరను పోలిన పదార్థాలుంటాయి, అవి ఇతర పురుగులకు విషం. పట్టుపురుగు మాత్రం వాటిని తట్టుకుంటుంది. వేల ఏళ్ల సహవాసం మరి. ఆ పదార్థాల్లో ఒకటి మన పేగుల్లో పిండి చక్కెరగా మారడాన్ని నెమ్మదింపజేస్తుందని తేలాక మల్బరీ ఆకు టీ పొట్లాలు సంతల్లోకి వచ్చాయి. తాగేవాళ్లు తాగండి గానీ, దాన్ని నమ్ముకుని షుగర్ మాత్రలు మాత్రం మానొద్దు.

ఇక నాటడం. నాయన పోయాక ఊళ్లో పొలం కౌలుకిచ్చాం. ఆఖరిసారి తోట చూడటానికి వెళ్లినప్పుడు గట్టు మీద కోతకు అందకుండా చెట్టయిన మల్బరీ ఒకటి కనిపించింది. దాని కింద నేలంతా నల్లటి పండ్లు. ఆ చెట్టు పుల్లలే తెచ్చుకున్నాను. ఇది ముఖ్యం. మల్బరీలో చాలా చెట్లు మగవి గానీ ఆడవి గానీ అయి ఉంటాయి. గింజ నుంచి మొలిచింది మగదైతే పదేళ్లు పెంచినా పండు ఉండదు. మగ పూవు పుప్పొడిని విసిరే వేగాన్ని 2006లో అమెరికా శాస్త్రవేత్తలు కొలిచారు. సెకనులో నలభై వేలో వంతు కాలంలో, శబ్దవేగంలో సగానికి పైగా వేగంతో విసురుతుందట. గొప్ప సంగతే, పిల్లల చేతికి మాత్రం ఏమీ రాదు. కాబట్టి పండు తిని చూసిన చెట్టు నుంచే పుల్ల తీసుకోండి.

పుల్ల ఆరు నుంచి ఎనిమిది నెలల వయసుది, పెన్సిలంత లావుది కావాలి. లేత పచ్చది కుళ్లిపోతుంది. జానెడు పొడవు, మూడు నాలుగు కన్నులు. కన్ను మొన పైకి చూసేలా, కాస్త ఏటవాలుగా గుచ్చి, పై కన్ను ఒక్కటే బయట ఉంచి, చుట్టూ మట్టి అదమాలి. రెండు వారాల్లోపే ఆకు వస్తుంది. ఇక్కడే చాలామంది తొందరపడతారు. ఆ ఆకు పుల్లలో దాచుకున్న శక్తితో వచ్చింది, అప్పటికి కింద వేరు ఉండదు. పట్టుకుని లాగి చూసినా, పెద్ద కుండీలోకి మార్చినా అది చస్తుంది. నా మొదటి పన్నెండు పుల్లల్లో ఏడు అలాగే పోయాయి. రెండు నెలలు నీడపట్టున, తడి ఆరకుండా, కదల్చకుండా ఉంచాలి. తర్వాత ఎక్కడ నాటినా బతుకుతుంది. ఎర్రనేల అయితే మరీ ఇష్టం. నేల లేనివాళ్లు పెద్ద డ్రమ్ములోనూ పెంచవచ్చు, కోతకు ఓర్చే చెట్టు కాబట్టి తొట్టిలోనూ అదుపులో ఉంటుంది. చోటు విషయంలో మాత్రం జాగ్రత్త. సెప్టిక్ ట్యాంకుకూ నీళ్ల సంపుకూ పదడుగుల దూరమైనా ఉండాలి, వేళ్లు తడిని వెతుక్కుంటూ పోతాయి. కారు నిలిపే చోటా, తెల్ల బండలు పరిచిన చోటా వద్దు, మరకలు పోవు.

మొదటి ఏడాది పండు కోసం ఆశపడొద్దు. ఒకే కాండాన్ని నడుమెత్తు వరకు పోనిచ్చి తల తుంచండి. అక్కడ నాలుగైదు కొమ్మలు వస్తాయి, చెట్టుకు అదే పిడికిలి. నేను ఏడాదికి రెండు కోతలు వేస్తాను. సంక్రాంతి తర్వాతిది పండు కోసం, ఆకు దూసి చివర్లు కత్తిరించడమే. తొలకరికి వేసేది గట్టి కోత, అదే పిడికిలి దాకా. నిచ్చెన అక్కర్లేకుండా చేతికందే చెట్టు కావాలంటే ఈ రెండోది తప్పదు.

పండు పచ్చగా మొదలై ఎర్రబడి నల్లబడుతుంది. ఎర్రటిది పుల్లన, నల్లటిది కూడా లాగితే రాదంటే ఇంకా ఒక రోజు ఉంది. వేలు తగిలితే రాలిపోయేదే పండు. పొద్దున్నే కింద పాత చీర పరిచి కొమ్మను మెల్లగా ఊపితే చాలు. పికిలిపిట్టలూ కోకిలలూ నాకంటే ముందే లేస్తాయి. వల కట్టమని చెప్పారు గానీ, వలలో పిట్ట చిక్కుకోవడం ఒకసారి చూశాక పై కొమ్మలు వాటికే వదిలేశాను. కోసిన పండు సాయంత్రానికి నీరు కారుతుంది, ఫ్రిజ్‌లో పెట్టినా రెండు మూడు రోజులే. ఊళ్లు దాటే ఓపిక దానికి లేదు. హైదరాబాద్‌లో షహతూత్ పేరుతో చిన్న డబ్బాల్లో అమ్మేదాన్ని కొని తిని "ఇంతేనా" అనుకున్నవాళ్లకు నా మాట ఒక్కటే, మీరు ఇంకా మల్బరీ తినలేదు. బండి ఎక్కించడానికి గట్టిగా ఉన్నప్పుడే కోసింది అది.

పోయిన వేసవిలో వెనక వీధి అబ్బాయి ఒకడు చెప్పుల పెట్టె పట్టుకుని వచ్చాడు. "ఆంటీ, మీ చెట్టు ఆకులు కొన్ని కోసుకోనా?" హిందూపురంలోని వాళ్ల మామ ఇచ్చిన పట్టుపురుగులు ఇరవై, రెండో జ్వరం దాటినవి. కోసుకోమన్నాను. తడి ఆకు వేయొద్దన్నాను, ఆ గదిలో దోమల చుట్ట వెలిగించొద్దన్నాను, ఇంట్లో ఎవరైనా చుట్టా బీడీ తాగితే పెట్టె బయటి గదిలో పెట్టుకోమన్నాను. రోజూ రెండు పూటలా వచ్చేవాడు. పదహారు పురుగులు గూళ్లు కట్టాయి. ఒక్కో గూటిలో దాదాపు కిలోమీటరు పొడవు పోగు ఉంటుందంటే నమ్మలేక నా మొహం చూశాడు. గూళ్లను అలాగే ఉంచాడు. చిలుకలు బయటికొచ్చాయి, రెక్కలు కొట్టుకున్నాయి, ఎగరలేదు. "ఎందుకెగరవు ఆంటీ?" అన్నాడు. వాటిని మనిషి చేతులు ఎగరనవసరం లేని వాటిగా చేశాయని చెప్పాను. వాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మర్నాడు ఆకు కోసం కాదు, చెట్టుకు నీళ్లు పోయడానికి వచ్చాడు.

నిన్నటి తొలకరికి గట్టి కోత అయిపోయింది. ఈసారి పెద్దమ్మ కసరలేదు. కొమ్మలు కోస్తుంటే పక్కన కూర్చుని, నాలుగు కన్నులు లెక్కపెట్టి ముక్కలు చేసింది. యాభై పుల్లలు వచ్చాయి, నీళ్ల బకెట్లో నిలబెట్టాం. సాయంత్రానికి సగం పోయాయి. మీ వీధిలోనూ మల్బరీ ఉన్న ఇల్లు ఒకటి ఉండే ఉంటుంది. ఈ నెల దాటకముందే వెళ్లి తలుపు తట్టండి. ఆ చెట్టు పండు తిన్నారో లేదో ముందు అడగండి, తిన్నామంటే ఒక్క పుల్ల ఇమ్మనండి. కోయడానికి వాళ్లు వెనకాడితే కత్తెర మీరే పట్టుకెళ్లండి.