ఊపిరికీ లెక్కుండే పని

పాలమూరు లేబర్ అంటే దేశమంతటా ఆనకట్టలు కట్టిన చేతులు. ఆ పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ పక్కనే, దివిటిపల్లిలో, 2023 మేలో అమరరాజా సంస్థ లిథియం బ్యాటరీల కర్మాగారానికి శంకుస్థాపన చేసింది. కరెంటు బండికి గుండెకాయ ఆ బ్యాటరీయే.

అందులోని సెల్ తయారుచేసేవాళ్ల ఓపిక నాకు ఎప్పుడూ అబ్బురమే. సెల్‌లో వాడే రాగిరేకు మందం 10 మైక్రాన్లకు అటూఇటూ. తలవెంట్రుక దానికంటే ఎన్నో రెట్లు లావు. దాని మీద గ్రాఫైట్ పూత ఎక్కడా ఎగుడుదిగుడు లేకుండా పరుచుకోవాలి. దోసె పోయడం తెలిసినవాళ్లకు ఆ కష్టం కాస్త అర్థమవుతుంది. సెల్ లోపలి ద్రావణానికి తడి పడదు. అందుకే సెల్‌ను కూర్చే గదిలో గాలి నుంచి తేమను దాదాపు పూర్తిగా పిండేస్తారు. ఇక అక్కడ తేమ తెచ్చేది ముఖ్యంగా మనిషే: ఊపిరి, చెమట. కాబట్టి లోపల ఎందరుండాలన్నదీ లెక్కే. ఒళ్లంతా కప్పుకుని, పెదవులు ఎండుతున్నా చెయ్యి వణకకుండా పనిచేయాలి. ఎర్రటి ఎండలో మట్టి మోసిన నేలకు ఈ ఓర్పు కొత్తేమీ కాదని నా నమ్మకం.

సెల్ తయారయ్యాకా తొందర ఉండదు. మొదటి చార్జింగు నెమ్మదిగా ఎక్కిస్తారు. తర్వాత రోజుల తరబడి అరల్లో ఉంచి వోల్టేజీ చూస్తారు. ఉండాల్సిన దానికన్నా జారిన సెల్‌ను పక్కన పెట్టేస్తారు.